దణ్ణం పెట్టి ఊరుకున్నాను!

మా అక్కయ్య కాపురం నందిగామ. నాది జగ్గయ్యపేట. మధ్య దూరం ముప్పయి కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. చిల్లకల్లు దగ్గర పెద్దరోడ్డు ఎక్కితే గంట తిరక్కుండా వాళ్ళ గుమ్మంలో కాళ్ళు కడుక్కోవచ్చు. అటువంటిది, పోయిన ఏడాది మా అక్కయ్య గుండెనొప్పితో బెజవాడ ఆస్పత్రిలో మూడు రోజులు పడుకుని ఉంటే, ఆ మూడు రోజులూ నేను పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని నిశ్చింతగా కాఫీ త్రాగుతూ కూర్చున్నాను.

కబురు అందలేదా అంటారేమో! అందింది. తెల్లవారుజామున 5 గంటలకే అందింది. అందడమే కాదు, నేను జవాబు కూడా ఇచ్చాను. ఆ జవాబు ఏమిటో చెప్పాలంటే కాస్త వెనక్కు వెళ్ళాలి. చదువరులు ఓపిక పట్టాలి.

కబురుకు వేషం ఉండే రోజులు

నేను 1975లో జగ్గయ్యపేటలో ఒక టోకు బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాను. చిట్టా, ఆవర్జా వ్రాయడం సగం పని. ఉత్తరాలు వ్రాయడం మిగతా సగం. చుట్టుపక్కల పల్లెల చిల్లర వర్తకులు కార్డు ముక్క మీద సరుకు పురమాయించేవారు. ఆ కార్డుల్లో నాకిప్పటికీ గుర్తున్న సంగతి ఒకటుంది. రెండు బేళ్ళ దుప్పట్లు కావాలని చెప్పడానికైనా సరే, "ఇక్కడ అందరం క్షేమం, మీ క్షేమం తెలియజేయగలరు" అని మొదలుపెట్టేవారు. ధర మాట ఆ తరువాతనే.

ఇళ్ళ సంగతి కూడా అంతే. నాలుగు మూలలా పసుపు పూసిన కవరు వస్తే, విప్పకముందే ఇంటిల్లిపాదికీ మొహాలు విప్పారేవి. చావు కబురు మోసుకొచ్చిన కార్డును గుమ్మం దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. అరుగు మీదే చదివి, అక్కడే చింపి పారేసేవారు. ఇక తంతి సంగతి చెప్పనక్కర లేదు. తంతి జవాను సైకిలు దిగితే చాలు, కాగితం విప్పకుండానే ఆడవాళ్ళు ఏడుపు లంకించుకునేవారు. ఒకసారి మా పక్కింట్లో అలాగే శోకాలు పెట్టారు. తీరా చూస్తే అల్లుడికి ఉద్యోగం అయిందని తంతి!

నవ్వు వచ్చే మాటే కాని, అందులో ఒక సదుపాయం ఉండేది. ప్రతి కబురుకూ ఒక వేషం ఉండేది. శుభానికి పసుపు, మామూలు సంగతికి కార్డు, గుట్టుకు కవరు, అవసరానికి తంతి. ఏది ముందు చూడాలో, దేనికి పరుగెత్తాలో వేషాన్ని బట్టే తెలిసిపోయేది. కార్డు ఈ దేశంలో 1879 జూలై 1న పుట్టింది. ఇప్పటికీ పోస్టాఫీసులో అర్ధరూపాయికి దొరుకుతుంది. వ్రాసేవాళ్ళు దొరకడమే కష్టం. తంతి 2013 జూలై 15 నుంచి శాశ్వతంగా సెలవు తీసుకుంది. చిత్రమేమిటంటే, ఆ మరుసటి నెలలోనే వాట్సాప్‌లో నోటిమాటను పట్టి పంపే సదుపాయం వచ్చింది. ఒకరు గడప దిగుతూ ఉంటే ఇంకొకరు ఎక్కుతూ ఉన్నట్లు!

దుకాణం చేతిలోకి వచ్చింది

ఈ వాట్సాప్‌ను 2009లో జాన్ కూమ్, బ్రయన్ ఆక్టన్ అనే ఇద్దరు అమెరికాలో ప్రారంభించారు. 2014లో ఫేస్‌బుక్ వారు కొనుక్కున్నారు. అయితే మా మెట్టప్రాంతం వరకూ ఇది నిజంగా నడిచి వచ్చింది 2016 సెప్టెంబరు తరువాతనే. ఆ నెల 5వ తేదీన జియో వారు రంగంలోకి దిగి ఇంటర్నెట్టును కారుచౌక చేశారు. అంతకు ముందు, రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీ అని ఎస్‌.టి.డి. బూతు ముందు నిద్రకళ్ళతో వరుసలో నిలబడిన వాణ్ణి నేను. హైదరాబాదులో ఉన్న మనుమరాలు మాట్లాడుతూ ఉంటే దాని మొహం కూడా కనబడుతుందంటే, మొదటిసారి నమ్మలేక ఫోను వెనక్కు తిప్పి చూశాను.

నేను పని మానేసిన తరువాత మా చిన్న షావుకారు దుకాణం నడుపుతున్నాడు. 2018 జనవరిలో వర్తకుల కోసమే ప్రత్యేకంగా వాట్సాప్ బిజినెస్ అని ఒకటి వచ్చింది. దుకాణం పేరు, వేళలు, సరుకు ఫొటోలు, ధరలు అన్నీ అందులో పెట్టవచ్చు. పూర్వం పల్లెటూరి వర్తకుడు ఒక పూట బస్సులో వచ్చి, బల్ల మీద కూర్చుని, నలభై తానులు విప్పించి, మజ్జిగ త్రాగి, నాలుగు తానులు కొనుక్కుపోయేవాడు. ఇప్పుడు తన అంగట్లో కూర్చునే నలభై ఫొటోలు చూస్తాడు. డబ్బు కూడా ఫోనులోనే వస్తుంది. గల్లాపెట్టె పక్కన ఒక చిన్న డబ్బా "ఇన్ని రూపాయలు అందినవి" అని అరుస్తుంది. నేను ముప్పయ్యెనిమిదేళ్ళు నోట్లు తడిచేసి లెక్కపెట్టిన వేళ్ళకు పని పోయింది.

నేను పోయిన మంచి అంతా ఏకరువు పెట్టి ఏడ్చే రకాన్ని కాను. లాభం కళ్ళకు కనబడుతూ ఉంటే కాదనడం దేనికి? మా అక్కయ్య ఇల్లే సాక్ష్యం. అక్కయ్య చేతి పండుమిరపకాయ పచ్చడి రుచి మా చుట్టాలందరికీ తెలుసు. మూడేళ్ళ క్రితం కోడలుపిల్ల ఆ జాడీ ఫొటో తీసి తనతో చదువుకున్న వాళ్ళకు పంపింది. ఇవాళ ఆ పచ్చడి హైదరాబాదు వెళుతున్నది, అమెరికా వెళ్ళే వాళ్ళ పెట్టెల్లో ఎక్కుతున్నది. దుకాణం అద్దె లేదు, బోర్డు లేదు, గుమాస్తా లేడు. ఉప్పు ఎంతో, మెంతిపిండి ఎంతో అక్కయ్య చెబుతుంది. మిగతాది కోడలు చూసుకుంటుంది. డెబ్బయ్యారేళ్ళ వయసులో మా అక్కయ్య మొదటిసారి తన చేత్తో సంపాదించిన డబ్బుతో నాకు పంచె పెట్టింది. ఆ రోజు ఆవిడ మొహం చూసిన వాడెవడూ ఫోనును తిట్టలేడు.

సర్కారు వారు సైతం ఈ దారికే వచ్చారు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు ప్రారంభించింది. కరెంటు బిల్లు కట్టడం, ధ్రువపత్రాలు తీసుకోవడం లాంటి పనులకు ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగిన తరం మాది. కూర్చున్న చోటు నుంచే అర్జీ పెట్టవచ్చునంటే కాదనే మొనగాడెవడు?

బొటనవేలి బేరం

ఇక చిక్కుల సంగతికి వస్తాను. ఒకనాడు చిన్న షావుకారు కబురు పంపాడు, కాస్త పెద్దరికం చెయ్యాలని. వెళ్ళేసరికి పల్లెటూరి వర్తకుడొకడు మొహం ఎర్రగా చేసుకుని నిలబడి ఉన్నాడు. సంగతేమిటంటే, షావుకారు ఒక రకం దుప్పట్ల ఫొటో, ధర పంపి, "నలభై పంపనా?" అని అడిగాడు. అవతలి నుంచి బొటనవేలు పైకెత్తిన బొమ్మ వచ్చింది. ఇతడు సరుకు ఆటోలో ఎక్కించాడు. అతడు తిప్పి తెచ్చాడు.

"వేలు ఎత్తావు కదయ్యా!" అని ఇతడు.

"వేలెత్తితే చూశానని అర్థం. పంపమని నేనెక్కడ అన్నాను?" అని అతడు.

ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. బొమ్మ ఒకటే, అర్థాలు రెండు. చివరకు ఇరవై దుప్పట్లు అతడు ఉంచుకోవడం, ఇరవై ఇతడు వెనక్కు తీసుకోవడంగా రాజీ చేశాను.

ఇది జగ్గయ్యపేట తగవే అనుకుంటే పొరపాటు. కెనడాలో సస్కాచువాన్ అనే రాష్ట్రంలో 2021లో అచ్చం ఇలాంటిదే జరిగింది. ధాన్యం కొనే కంపెనీ ఒకటి అవిసె గింజల ఒప్పందం కాగితాన్ని ఫొటో తీసి ఒక రైతుకు పంపి, ఖాయపరచమంది. రైతు బొటనవేలి బొమ్మ పంపాడు. ఈలోగా గింజల ధర పెరిగింది, సరుకు రాలేదు. కంపెనీ కోర్టుకు ఎక్కింది. "కాగితం అందిందని చెప్పడానికే వేలు చూపాను" అని రైతు వాదించాడు. 2023లో న్యాయమూర్తి ఆ బొమ్మ సంతకంతో సమానమేనని తీర్పు చెప్పి, 82 వేల డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టమన్నారు. మరుసటి ఏడు అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది.

ప్రత్తి, మిరప పండించే మా మెట్టరైతులు ఈ కథ వినాలి. చదువురాని తాతలు వేలిముద్ర వేసేముందు "ఇందులో ఏముందో చదివి వినిపించండి బాబూ" అని ఇద్దరిని అడిగేవారు. చదువుకున్న మనుమలు అడక్కుండానే వేలు ఎత్తుతున్నారు.

గాలి కబుర్లు

రెండవ చిక్కు ఇంతకంటే పెద్దది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతా వాట్సాప్‌లో గాలి కబుర్లు చుట్టుముట్టాయి. ఆ సంవత్సరం జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా అనే పల్లెలో, దేశసంచారం చేసే వాళ్ళు ఐదుగురిని జనం కొట్టి చంపారు. వాళ్ళు చేసిన నేరమేమీ లేదు. ఆ రోజుల్లోనే తెలంగాణలో గద్వాల ప్రాంతంలో పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఒక మంచి పని చేశారు. పోలీసులను ఊరూరికీ పంపి, డప్పు వేయించి, పాటలు పాడించి, ఫోనులో వచ్చినదల్లా నిజం కాదని చెప్పించారు. అరచేతిలో పుట్టిన పుకారును ఆర్పడానికి మళ్ళీ పాతకాలపు డప్పే కావలసి వచ్చింది చూశారా!

ఆ జూలైలోనే వాట్సాప్ వారు మన దేశంలో ఒక కబురును ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపడానికి వీలు లేకుండా కట్టడి చేశారు. 2020 నుంచి, చాలా చేతులు మారి వచ్చిన కబురును ఒక్క చోటికే పంపగలం. అటువంటి దాని మీద జంట బాణాల గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కనబడితే, నలుగురు కొరికిన జామపండని తెలుసుకుని దూరంగా పెట్టడం మంచిది.

మా దగ్గర 2023 జూలై చివర మున్నేరు పొంగి, నందిగామ దాటిన తరువాత ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్ళు వచ్చి, బెజవాడ - హైదరాబాదు రాకపోకలు ఆగిపోయాయి. ఆ రాత్రి మా మేనల్లుడు రోడ్డు ఫొటో తీసి పంపబట్టి, ప్రయాణానికి పెట్టె సర్దుకున్న మేము ఆగిపోయాము. అది మేలు. అదే రాత్రి ఎక్కడిదో, ఎప్పటిదో వంతెన కొట్టుకుపోయే సినిమా ఒకటి వచ్చి, అది మా మున్నేటి వంతెనేనని ముసలివాళ్ళందరికీ నిద్ర లేకుండా చేసింది. మేలూ కీడూ ఒకే కిటికీలోంచి వచ్చాయి. ఏది ఏదో చెప్పే పసుపు గుర్తు మాత్రం దేని మీదా లేదు.

నేను పెట్టిన దణ్ణం

ఇప్పుడు నా కథ.

మా చుట్టాలందరికీ కలిపి ఒక గ్రూపు ఉంది. యాభై ముగ్గురం. తెల్లవారితే గులాబీ పువ్వులు, దేవుడి పటాలు, పంచాంగం, "శుభోదయం" అంటూ నలభై దాకా వస్తాయి. ఒకసారి వరసకు తమ్ముడొకడు "అన్నయ్య నా శుభోదయానికి పలకలేదు" అని నిష్ఠూరమాడాడు. అది మొదలు నేను అందరికీ పలకడం నేర్చుకున్నాను. 2022లో వచ్చిన సదుపాయం ఒకటుంది. కబురు మీద వేలు అదిమితే ఆరు బొమ్మలు లేస్తాయి: బొటనవేలు, గుండె, నవ్వు మొహం, తెల్లబోయిన మొహం, కన్నీటి మొహం, జోడించిన చేతులు. పెద్దవాణ్ణి కదా అని నేను జోడించిన చేతులే ఖాయం చేసుకున్నాను. ప్రొద్దున్నే కాఫీ త్రాగుతూ, రుద్రాక్షలు తిప్పినట్లు, ఒక్కొక్క కబురుకూ ఒక్కొక్క దణ్ణం.

ఆ తెల్లవారుజామున మా మేనల్లుడు వ్రాశాడు: "అమ్మకు రాత్రి నుంచి గుండెలో నొప్పి. విజయవాడ తీసుకు వెళుతున్నాం." దానికి పైన గులాబీ, క్రింద ఆనాటి తిథి నక్షత్రాలు. నేను గులాబీకి దణ్ణం పెట్టాను. మేనల్లుడి కబురుకు దణ్ణం పెట్టాను. తిథికి దణ్ణం పెట్టాను. కాఫీ గ్లాసు క్రింద పెట్టి, పేపరు తీసుకున్నాను.

మూడవనాడు సాయంత్రం మా ఆవిడ పచ్చడి కోసం అక్కయ్య కోడలికి ఫోను చేసింది. ఆ పిల్ల ముక్తసరిగా, "రేపు మా అత్తగారిని ఇంటికి పంపిస్తామన్నారు, అత్తయ్యగారూ" అన్నది.

"ఎక్కడి నుంచి?" అన్నది మా ఆవిడ.

ఆ ఒక్క మాటతో అవతల ఆ పిల్ల నోరు మూగబోయింది.

మేము ఆస్పత్రికి వెళ్ళేసరికి రాత్రి 9 గంటలు. మేనల్లుడు వరండాలో ఎదురుపడి తలవంచుకుని నిలబడ్డాడు. "మావయ్యా, మీరు చూశారనుకున్నాను. దణ్ణం కూడా పెట్టారు కదా! ఏదో పనుండి రాలేదనుకున్నాను. నాదే పొరపాటు, ఫోను చెయ్యవలసింది" అన్నాడు. వాణ్ణి ఏమనను? కెనడా రైతులాగా "అందిందని చెప్పానే కాని..." అని వాదించడానికి కూడా నాకు హక్కు లేదు. నేను చదవనే లేదు!

లోపల అక్కయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం పక్కన నిలబడ్డాను. నా వైపు తిరిగి చూసి, "ఏరా, నేనింకా పోలేదు కదా! అప్పుడే దణ్ణం పెట్టేశావుట?" అన్నది.

పక్క మంచం ఆవిడ ఫక్కున నవ్వింది. అక్కయ్యా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. "మూడు రోజులూ తలుపు చప్పుడైనప్పుడల్లా నువ్వేననుకున్నానురా" అన్నది. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే బడి ఎగ్గొట్టి తలదగ్గర కూర్చున్న మనిషి! అరవై యేళ్ళు లెక్కల్లో పైసా పొరపాటు చెయ్యని వాణ్ణనే గర్వం నాకు ఆ రాత్రితో పోయింది.

రాతి కబురు

మా ఊళ్ళో ఒక బౌద్ధస్తూపం ఉంది. బేతవోలు అనే పల్లె వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి పుణ్యమా అని, వారి తండ్రి జగ్గయ్య గారి పేరుతో జగ్గయ్యపేట కావడానికి పదిహేను వందల ఏళ్ళ ముందు సంగతి అది. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుడి 20వ ఏట, సిద్ధార్థుడనే శిల్పి ఇక్కడ ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టి, ఆ సంగతి రాతి మీద చెక్కించాడు. క్రీస్తుశకం 3వ శతాబ్దపు ఆ కబురు ఇవాళా చదవవచ్చు. మా మనుమరాలు ఫోనులో పెట్టే స్టేటస్సు 24 గంటలకు మాయమవుతుంది. అలాగని పెళ్ళిభోజనం ఫొటోలు రాళ్ళ మీద చెక్కమనడం లేదు. ఎంతకాలం నిలవవలసిన మాటో, ఎంత తొందరగా చేరవలసిన మాటో తెలిసి చెప్పిన వాడి కబురే కబురు. సిద్ధార్థుడికి అది తెలుసు. పసుపు పూసి కవరు పంపిన మన అమ్మమ్మలకూ తెలుసు. మనమే మళ్ళీ నేర్చుకోవాలి.

అక్కయ్య ఇంటికి వచ్చిన తరువాత అందరం కూర్చుని కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాము. జబ్బు, చావు, ప్రమాదం - ఇవి గ్రూపులో వ్రాసి ఊరుకోకూడదు. ఫోను చేసి, అవతలి మనిషి "ఆఁ" అన్న తరువాతనే పెట్టెయ్యాలి. డబ్బు సంగతి, బేరం సంగతి బొమ్మలతో తేల్చకూడదు. ఎన్ని, ఎంతకు, ఎప్పుడు అని అక్షరాల్లో వ్రాయాలి. మన వాళ్ళ పేరు పెట్టుకుని ఎవరైనా క్రొత్త నంబరు నుంచి డబ్బు అడిగితే, గొంతు వినకుండా పంపకూడదు. మోసపోయామని తెలిసిన క్షణానే 1930కి ఫోను చెయ్యాలి. చిన్న షావుకారు కూడా ఇప్పుడు బొటనవేలు వస్తే సరుకు ఎక్కించడం లేదు. "పంపండి అని ఒక్క మాట వ్రాయండి" అని అడుగుతున్నాడు. ఆ ఒక్క మాటకు ఖర్చేముంది?

గ్రూపులో గులాబీలు మాత్రం ఆగలేదు. ఆగవు కూడా. నేను వాటికి దణ్ణాలు పెట్టడం మానేశాను. వరస తమ్ముడు నిష్ఠూరమాడితే ఆడనీ.

అక్కయ్యకు ఇప్పుడు కళ్ళు సరిగా ఆనవు, అక్షరాలు కూడబలుక్కోలేదు. అందుకని ప్రొద్దున 6 గంటలకు ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట పంపుతుంది: "ఒరే తమ్ముడూ, లేచాను. మాత్ర వేసుకున్నాను. నువ్వు లేచావా?" నేను ఆ మాట చివరి దాకా వింటాను. విని, బొమ్మ ఏదీ పెట్టకుండా, ఫోను చేసి చెబుతాను:

"లేచానే, అక్కయ్యా!"